రెండో పూజకి బూట్లు

కారన్‌బెగ్, మేయో, ఐర్లండ్
1893 మార్చి

నాబ్లా వదినకి,

ఫాదర్‌గారు రాసిన ఉత్తరం ఈపాటికి నీకు అందే ఉంటుంది. ఆయన రాసిందంతా నిజమే. మీ తమ్ముడు పోయాడు. ఆ మాట నేనే రాయాల్సింది. అప్పుడు కలం పట్టుకునే స్థితిలో లేను.

జనవరి ఆఖర్న, బ్రిజిత్తమ్మ పండగ ముందు రోజు గొర్రెలు దిగిరాలేదని కొండెక్కాడు. వాన, దానికి తోడు గాలి. చీకటిపడే వేళకి గొర్రెల్ని తోలుకొచ్చాడు గాని, ఒంటిమీద పొడి నూలుపోగు లేదు. ఆ రాత్రే జ్వరం, తెల్లారేసరికి గుండెల్లో పట్టేసింది. వారం తిరగలేదు. బాధపడ్డాడా అని నువ్వు అడుగుతావు. పడ్డాడు. చివరి రోజున మాత్రం తేలిగ్గా ఉన్నాడు, మా పాప మేవ్‌ని పక్కలో పడుకోబెట్టుకుని ఏదో కథ చెప్పాడు. మూడేళ్ళ పిల్ల, దానికేం తెలుస్తుంది. కథ మధ్యలో ఆపేశాడని నాతో చెప్పింది.

శవం దగ్గర జాగరం చేసిన రాత్రి ఇల్లంతా జనం. పొగాకూ టీ రొట్టే అందరికీ సరిపోయాయి. ఎవరూ వేలెత్తి చూపడానికి లేదు.

బట్టల సంగతీ పద్ధతి ప్రకారమే జరిగింది. మీ పెదనాన్నగారి అబ్బాయి మార్టన్ మీ తమ్ముడి కోటూ చొక్కా వేసుకుని మూడు ఆదివారాలు చర్చిలో పూజకి వచ్చాడు. అయినవాళ్ళు అలా తొడిగితే అవి పోయినవాళ్ళకి అందుతాయి కాబట్టి, ఆవలి లోకంలో ఆయన ఒంటిమీద బట్ట లేకుండా ఉన్నాడన్న దిగులు మనకి అక్కర్లేదు. అన్నీ సవ్యంగా జరిగాయి.

అత్తయ్య బాగానే ఉంది. చూపు ఇంకొంచెం తగ్గింది.

ఊనా

*

నాక్‌ఎండ్ పాడి, గిర్వన్ దగ్గర, స్కాట్లండ్
మార్చి

ఊనా తల్లీ,

నీ ఉత్తరం కొట్టంలో ఆవుల మధ్య నిలబడి చదివాను. ఏడవడానికి ఇక్కడ అదొక్కటే చోటు. గిల్మర్ దొరసాని చెడ్డది కాదు గాని, ఎవరైనా ఏడుస్తుంటే పాలు విరుగుతాయేమో అన్నట్టు చూస్తుంది.

రెక్కలు కట్టుకుని వాలాలని ఉంది. నవంబరు గడువు దాకా నన్ను కుదుర్చుకున్నారు. మధ్యలో వదిలేసి వస్తే ఈ చుట్టుపక్కల మళ్ళీ నన్ను గడప తొక్కనివ్వరు. అందుకని ఇక్కడే ఉండి పాలు పితుకుతూ ఏడుస్తున్నాను.

రోజంతా చెక్క అడుగుల బూట్లతో తిరుగుతుంటాను. కొట్టం కడిగేటప్పుడు అవి లేకపోతే పాదాలు పుండైపోతాయి. అడుగున ఇనప పట్టీ ఉంటుంది, నేను నడుస్తుంటే గుర్రం వస్తోందనుకుని కుక్క లేచి నిలబడుతుంది. ఈ సంగతి తమ్ముడికి రాయాలి, పొట్ట పట్టుకుని నవ్వుతాడు అని నిన్న మామూలుగా అనుకున్నాను. అనుకున్నాక గుర్తొచ్చింది.

వాడు నీకు ఎప్పుడైనా చెప్పాడో లేదో. చిన్నప్పుడు మా ఇద్దరికీ కలిపి ఒకటే జత బూట్లు. నేను వాడికన్నా ఏడాది పెద్ద, పాదాలు మాత్రం ఒకటే కొలత. బూట్లు కుట్టే ముసలాయన మా ఇంట్లో మకాం పెట్టి కుడుతూ, "ఒనోరా, నీ కూతురికి పాదాలు అమర్చేటప్పుడు దేవుడు పరాకుగా ఉన్నాడే" అని అమ్మతో అన్నాడు. ఆ మాట ఊరంతా పాకింది. పెళ్ళిచూపుల్లో ఒకడు నా మొహం చూడకుండా కాళ్ళే చూశాడంటే ఏం చెప్పను.

మొదటి పూజకి నేను వెళ్ళేదాన్ని. వాగు దాకా వట్టికాళ్ళు, బూట్లు మెడలో. వాగులో బురద కడుక్కుని, తొడుక్కుని, చర్చికి. తిరిగొచ్చేసరికి వాడు ఆ వాగొడ్డునే బల్లపరుపు రాయి మీద కూర్చుని కాళ్ళు ఆడిస్తూ ఉండేవాడు. నేను విప్పి ఇచ్చేదాన్ని, వాడు తొడుక్కుని రెండో పూజకి పరిగెత్తేవాడు. చలికాలంలో "అబ్బ, వెచ్చగా ఉన్నాయే అక్కా" అనేవాడు. ఎండాకాలంలో ముక్కు మూసుకునేవాడు.

అది సరేగాని ఊనా, కోటు అని రాశావు, చొక్కా అని రాశావు. బూట్ల మాట రాయలేదేం? మార్టన్ పాదాలు ఆడపిల్ల పాదాల్లా ఉంటాయి, మా తమ్ముడి బూట్లలో వాడు ఈదాలి. మరి ఎవరు తొడిగారు? మన చర్చి పరిధిలో ఆ కొలత పాదాలు నావి తప్ప ఇంకెవరివీ లేవే.

అమ్మని ముద్దు పెట్టుకున్నానని చెప్పు. ఊరుకో అంటుంది, అయినా చెప్పు.

నాబ్లా

*

కారన్‌బెగ్
ఏప్రిల్

నాబ్లాకి, మీ అమ్మ ఒనోరా చెబుతుండగా రాస్తున్నది.

ఏమే నాబ్లా, బాగున్నావా. నేను బాగానే ఉన్నాను, బాగుండకేం. రాసేది నీ మరదలు. చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను. రాస్తోందో లేదో దేవుడికే తెలియాలి, నాకు కళ్ళు ఆనవుగా.

(రాస్తున్నాను వదినా, ఒక్క ముక్క వదల్లేదు. ఊనా.)

నువ్వడిగిన మాట ఫాదర్‌గారు నాకు చదివి వినిపించారు. నీ మరదలు చదువుతూ మధ్యలో తడబడి ఆ ముక్క దాటేసిందిలే, అందుకే ఉత్తరం ఫాదర్‌గారి దగ్గరికి తీసుకెళ్ళమన్నాను. నీ మరదలు నీకు అబద్ధం రాసింది. రాయవే, ఆగావెందుకు? అబద్ధం రాసింది అని రాయి. కోటిచ్చింది, చొక్కా ఇచ్చింది, టోపీ కూడా ఇచ్చింది. బూట్లు ఇవ్వలేదు. మార్టన్ పాపం, గడ్డి కుక్కుకుని అయినా వేసుకుంటా పిన్నీ అన్నాడు. కనిపించట్లేదంది నీ మరదలు. ఇంత ఇంట్లో అంత బూట్లు ఎలా కనిపించకుండా పోతాయే అంటే పొయ్యి ఊదుకుంటుంది.

నా కొడుకు అక్కడ వట్టికాళ్ళతో ఉన్నాడు నాబ్లా. నాకు కల్లోకి వచ్చాడు. గడప అవతల నిలబడ్డాడు. లోపలికి రారా నాయనా, పొయ్యి దగ్గర కూర్చో అన్నాను. కాళ్ళకేసి చూసుకుని అక్కడే ఉండిపోయాడు. అక్కడ దారంతా రాళ్ళూ ముళ్ళూ అని మా అమ్మ చెప్పేది. వాడికసలే చలికి మడమలు పగులుతాయి.

ఇంకొకటి. రాత్రి కాళ్ళు కడిగిన నీళ్ళు పారబొయ్యడం మానేసింది. మా అత్తగారి అత్తగారి నాటి నుంచీ ఈ ఇంట్లో ఆ నీళ్ళు బయట పోసి, గడియ వేసి, నిప్పు మీద బూడిద కప్పి పడుకోవడమే. ఆ నీళ్ళు లోపలుంటే బయట ఎవరు పిలిచినా తలుపు తెరుస్తాయి, గడియ ఏం చేస్తుంది. ఇంట్లో పసిపిల్లని పెట్టుకుని చేసే పనేనా ఇది? మొన్న పొద్దున్నే పొయ్యి దగ్గర తడుముకుంటుంటే నా చెయ్యి తొట్టిలో పడింది. ఏమే అంటే మర్చిపోయానంది. మర్నాడూ అంతే. ఉప్పు జాడీ మీద మూత పెట్టడం మర్చిపోని మనిషి ఇది.

చూడు, ఏడుస్తోంది. ఎందుకే, నేను తిట్టానా, ఉన్నమాటే అన్నాను. నా గుండె మాత్రం రాయా? ఇవన్నీ రాయక్కర్లేదు. రాసేశావా? సరే. ఇక ఆపి టీ పెట్టు.

వదినా, అత్తయ్య టీ తాగి కునుకు తీసింది. ఇక నేనే రాస్తున్నాను.

ఆవిడ చెప్పినవన్నీ నిజమే. బూట్లు పిండి పెట్టె వెనక ఉన్నాయి.

మొదటి ఆదివారం మార్టన్ ఆయన కోటు వేసుకుని మాకన్నా ముందు నడుస్తున్నాడు. మేవ్ నా చెయ్యి విడిపించుకుని "నాన్నా" అని పరిగెత్తింది. మార్టన్ వెనక్కి తిరిగాడు. అతని తప్పేముంది, పాపం పిల్లని ఎత్తుకుని అతనూ ఏడ్చాడు. నేనూ ఆ కోటుని వెనకనుంచి చూస్తూ అంతదాకా ఏమేమో అనుకుంటూ నడిచానని నీకొక్కదానికే చెబుతున్నాను.

మీ తమ్ముడి ఎడమ బూటుకి మడమ కింద కొట్టిన ఇనప లాడం వదులు. మా పెళ్ళి నాటి నుంచీ వదులే, బిగించుకో అని ఎన్నిసార్లు పోరినా రేపు రేపు అనేవాడు. అడుగు పడగానే ఒక చప్పుడు, వెంటనే దాని వెనక ఇంకో చిన్న చప్పుడు. చర్చిలో నాపరాళ్ళ మీద ఎంతమంది మగాళ్ళు నడిచినా, తల తిప్పకుండానే ఆయన వచ్చాడని నాకు తెలిసేది. ఆడవాళ్ళ వైపు కూర్చుని జపమాల తిప్పుకుంటూ ఆ చప్పుడు కోసం చెవి ఒగ్గేదాన్ని. దేవుడు క్షమించాలి, పూజలో సగం నాకు అదే.

ఇప్పుడు ఆ చప్పుడు ఇంకొకరి కాళ్ళ కింద వింటే నా తల దానంతటదే తిరుగుతుంది. తిరిగి చూస్తే ఆయన ఉండడు. మూడు ఆదివారాలైతే పళ్ళు బిగపట్టుకుని ఓర్చుకుందును. ఆ తరవాత బూట్లు తొడిగినవాడివే అయిపోతాయిగా. నేను బతికినన్నాళ్ళూ ప్రతి ఆదివారం అంతే కదా.

నీళ్ళు కావాలనే ఉంచాను. గడియ తీసి ఉంచే ధైర్యం చాల్లేదు. పిలిస్తే నీళ్ళు తలుపు తెరుస్తాయంటారు కదా, పిలుస్తాడేమోనని. ఇంతదాకా ఎవరూ పిలవలేదు.

తిడతావో ఏం చేస్తావో నీ ఇష్టం.

ఊనా

*

నాక్‌ఎండ్ పాడి
మే

ఊనా,

నీ ఉత్తరం చదివి ఒళ్ళు మండిపోయింది. కాబట్టే ఇన్నాళ్ళూ రాయలేదు. కలం పట్టుకుంటే ఏం రాస్తానో నాకే భయమేసింది. నీ చెవులకి కష్టమని నా తమ్ముడు ముళ్ళలో నడవాలా అనుకున్నాను. పొద్దున్నే మంచులో ఆవుల్ని తోలుతుంటే కాళ్ళు కొంకర్లు పోతాయి, అప్పుడల్లా వాడే గుర్తొచ్చేవాడు, నీ మీద ఇంకాస్త మండేది.

తరవాత ఒకరోజు ఏమైందంటే, ఇక్కడి గుర్రాలవాడు ఏదో పనిమీద పోతూ ఈల వేశాడు. తమ్ముడు గొర్రెల్ని పిలవడానికి వేసే ఈలే, చివర్లో అలాగే పైకి లేస్తుంది. నా చేతిలో పాలబిందె ఉంది. వెనక్కి తిరిగాను. ఎర్రజుట్టు, మొహంనిండా మచ్చలు, అసలు వాడికీ తమ్ముడికీ పోలికే లేదు. అంతే, సగం పాలు నేలపాలయ్యాయి, దొరసాని దగ్గర చీవాట్లు తిన్నాను. ఆ పాలు కడుగుతూ నీ ఉత్తరం మళ్ళీ గుర్తు చేసుకున్నాను. ఒక్కసారికే నాకు అంతైతే ప్రతి ఆదివారం నువ్వెలా భరిస్తావు.

కాబట్టి విను. బూట్లు నాకు పంపు.

నవ్వకు. నా బతుకంతా నలుగురూ నవ్విన పాదాలు ఇవి, ఒక్కసారైనా పనికి రానీ. కొలత ఒకటే, నెత్తురూ ఒకటే. ఇక్కడా చర్చి ఉంది, మూడు మైళ్ళు నడవాలి. ఇక్కడి రాళ్ళకి వాడి నడక తెలియదు, నువ్వు వినే దూరంలో లేవు. వాడి కాళ్ళకి బూట్లొస్తాయి, నీ చెవులకి శాంతి.

జూన్‌లో మనవాళ్ళ గుంపు బంగాళాదుంపలు తవ్వడానికి ఈ వైపే వస్తుంది. మేస్త్రీ మాల్కీ చేతికివ్వు, తెచ్చిస్తాడు. తాగడు, పారేసుకోడు.

నీళ్ళు మాత్రం ఈ రాత్రి నుంచే పారబొయ్యి. పిలిచేది వాడైతే నాకేం అభ్యంతరం. వాడి గొంతుతో ఇంకేదైనా పిలిస్తే? లోపల మేవ్ ఉంది తల్లీ. వాడుంటే ఈ మాటే అనేవాడు.

నీ మీద కోపం పోయింది. పూర్తిగా పోయిందని అనను.

నాబ్లా

*

కారన్‌బెగ్
జూన్

వదినా,

మాల్కీ చేతికి బూట్లు ఇచ్చాను. ఈ ఉత్తరం వెనకే టపాలో పంపుతున్నాను.

నువ్వు రాసింది చెప్పాక అత్తయ్య రెండు రోజులు పొయ్యి దగ్గర కూర్చుని తనలో తనే గొణుక్కుంది. మగవాడివి ఆడది తొడగొచ్చా, సముద్రం అవతల తొడిగితే చెల్లుతుందా, ఇన్ని నెలలు ఆలస్యమైంది కదా అని. మూడోనాడు నన్ను పిలిచి, "వాడున్న చోటికి మేయో ఎంత దూరమో స్కాట్లండూ అంతే దూరమే. పరికిణీ కింద బూట్లు మగవాడివో ఆడదానివో దేవుడు వంగి చూస్తాడా? పంపెయ్" అంది. అంటూనే, "దాని పాదాలు చూసి నేను ఎంత దిగులుపడ్డానో, ఇందుకన్నమాట" అని కళ్ళు తుడుచుకుంది. నేనావిడ పక్కనే కూర్చున్నాను. చాలా రోజుల తరవాత నా చెయ్యి పట్టుకుంది.

మాల్కీ వచ్చి బూట్ల మూటని తీసుకెళ్ళి తిన్నగా బల్ల మీద పెట్టబోయాడు. చూపులేని మనిషికి ఎలా తెలిసిందో, చేతికర్ర ఎత్తి, "బల్ల మీద బూట్లు పెడతావేరా, ఈ ఇంట్లో లేచిన శవం చాల్లేదా నీకు?" అని కేకేసింది. ఆ పెద్దమనిషి హడలిపోయి మూట గుండెలకి హత్తుకుని, వెళ్ళేదాకా దించలేదు. టీ కూడా అలాగే తాగాడు. మీ తమ్ముడు పోయాక నేను మొదటిసారి నవ్వాను. అత్తయ్యా నవ్వింది.

మట్టి తుడవలేదు. అది మన వాగొడ్డు మట్టి, ఆయన ఆఖరి ఆదివారానిది. పంపేముందు నా పాదాలు పెట్టి చూశాను. నా రెండు పాదాలూ ఒక్క బూటులో పట్టేలా ఉన్నాయి. లోపల వేళ్ళు ఆనే చోట గుంటలు పడి ఉన్నాయి, వదినా. ఒక్కొక్క వేలికీ ఒక్కొక్కటి. 

ఎవరేం చెప్పినా లాడం బిగించకు. ఎందుకో నాకే తెలియదు. వినకూడదనే పంపాను, ఆ చప్పుడు ఈ లోకంలో లేకుండా పోవడం మాత్రం ఓర్చుకోలేను.

నీళ్ళు పారబోస్తున్నాను. మొదటి రోజు చెయ్యి రాలేదు. తలుపు దగ్గర తొట్టి పట్టుకుని, "నీళ్ళొస్తున్నాయి, తప్పుకోండి" అని, బయట కంటికి కనపడకుండా తిరిగేవాళ్ళతో ఇదివరకు రోజూ అనేట్టే అన్నాను. ఆయనే గాని అక్కడ నిలబడి ఉంటే తడుస్తాడేమోనని ఇంకోసారి అన్నాను. అప్పుడు పోశాను.

పెట్టె వెనక ఇప్పుడు చీపురుకి ఏమీ అడ్డు తగలటం లేదు.

ఊనా

*

నాక్‌ఎండ్ పాడి
ఆగస్టు

ఊనా తల్లీ,

మూడు ఆదివారాలూ అయ్యాయి. అమ్మని కూర్చోబెట్టి, నిదానంగా చదివి వినిపించు. ఏ ముక్కా దాటెయ్యకు.

ఇక్కడా చర్చికి ముందు ఒక చిన్న కాలవ ఉంది. అక్కడిదాకా వట్టికాళ్ళతో నడిచాను, బూట్లు మెడలో వేసుకున్నాను, చిన్నప్పట్లాగే. ఈ ఊరి పాలపిల్ల ఒకతె చూసి, "ఏంటి నాబ్లా, బూట్లు మోయడానికా తొడగడానికా" అంది. రెండింటికీ అన్నాను. కాళ్ళు కడుక్కుని తొడుక్కున్నాను. ఎంతగా సరిపోయాయంటే భయమేసింది. నువ్వు రాసిన ఆ గుంటల్లో నా వేళ్ళు ఒక్కొక్కటే వెళ్ళి కూర్చున్నాయి.

చర్చిలో కొందరు నవ్వారు. దుంపలు తవ్వడానికొచ్చిన మన అమ్మాయిలు వెనక వరసలో ఉన్నారు, వాళ్ళు మాత్రం నవ్వలేదు. పరికిణీ కింద ఆ బూట్లు చూడగానే వాళ్ళకి అర్థమైపోయింది. పేరు కూడా అడగలేదు. ఒకమ్మాయి జరిగి పక్కన చోటిచ్చి, "తొడుగు అక్కా, ఆయన దారి మెత్తనవుతుంది" అంది. అంతదాకా బిగబట్టుకున్నదాన్ని అక్కడ భోరుమన్నాను.

రెండో ఆదివారం ముందు ఒక గండం గడిచింది. బూట్లు కొట్టం గుమ్మంలో ఉంటే గుర్రాలవాడు, అదే ఆ ఈలవాడు, లాడం ఊగుతోందని చూసి నాకు చెప్పకుండా కమ్మరి దగ్గరికి తీసుకెళ్ళాడు. ఉపకారం చేద్దామనే పాపం. నాకు తెలిసేసరికి కమ్మరి మేకు పెట్టి సుత్తి ఎత్తాడు. ఉన్నపళాన వట్టికాళ్ళతో రోడ్డుమీద పరిగెత్తుకుంటూ వెళ్ళి బూటు లాక్కున్నాను. ఆ ముసలాయన తెల్లబోయి, "వదులుగా ఉందమ్మా" అన్నాడు. "వదులుగానే ఉండాలి" అన్నాను. ఐరిషు వాళ్ళకి పిచ్చి అనుకుని ఉంటాడు, అనుకోనీ.

ఆ ఆదివారం పూజ నుంచి తిరిగొచ్చేటప్పుడు పక్కన ఎవరూ లేరు. అప్పుడు విన్నాను ఊనా. రాతిబాట మీద నువ్వు రాసినట్టే, ఒక చప్పుడు, వెనకనే ఇంకో చిన్న చప్పుడు. నడుస్తున్నది నేనేనని తెలిసి కూడా ఆగి వెనక్కి చూశాను. నువ్వెందుకు దాచావో అప్పుడు ఒంటికి తెలిసింది. నాకు మిగిలిన ఆ కాస్త కోపమూ అక్కడే పోయింది.

మూడో ఆదివారం పూజ అయ్యాక కాలవ దగ్గరికొచ్చి, అలవాటు ప్రకారం కూర్చుని బూట్లు విప్పాను. విప్పి, అక్కడో రాయి ఉంటే దాని మీద పెట్టాను. అప్పుడే విప్పినవి, ఇంకా వెచ్చగా ఉన్నాయి. రెండో పూజ గంట మోగింది. నేను లేచి కొంచెం దూరం జరిగి, అటు తిరిగి నిలబడ్డాను. వెర్రి అను, ఏమైనా అను. వాడు తొడుక్కోవడానికి ఎప్పుడూ ఎంతసేపు పట్టేదో అంతసేపూ నిలబడ్డాను. ఇటు తిరిగేసరికి బూట్లు అక్కడే ఉన్నాయనుకో. చెయ్యి పెట్టి చూస్తే చల్లారిపోయాయి.

నవంబరు గడువుతో ఇక్కడ పని ముగించుకుంటాను, మళ్ళీ కుదరను. అమ్మ దగ్గరికి, మీ దగ్గరికి వచ్చేస్తాను. పద్ధతి ప్రకారం బూట్లు ఇప్పుడు నావి. నాకున్నవి చెక్క అడుగులవి ఒకటి, ఇవి ఒకటి. కాబట్టి నువ్వే చెప్పు. మీ గుమ్మంలోకి ఇవి తొడుక్కుని రానా, చేత్తో పట్టుకుని రానా? నువ్వు వద్దంటే వాగులోనే వదిలేసి వట్టికాళ్ళతో వస్తాను, నాకేం కొత్త కాదు. మొహమాటపడకు. ఇదివరకట్లా అన్నీ సవ్యంగా ఉన్నాయని రాశావో, ఊరుకోను.

నాబ్లా

*

కారన్‌బెగ్
అక్టోబరు చివర

వదినా,

నీ ఉత్తరం అత్తయ్యకి మొత్తం చదివాను. రాయి మీద బూట్లు పెట్టిన చోట ఆగితే, "ఇంకోసారి చదువు" అంది. మూడుసార్లు చదివించుకుంది. కల్లోకి మళ్ళీ వచ్చాడా అత్తయ్యా అని మర్నాడు అడిగాను. "రాలేదే. వాడికిప్పుడు పనేముంది గడప దగ్గర, దారిన పడ్డాడు" అంది. ఆ రోజు రొట్టె రెండు ముక్కలు తింది.

నువ్వడిగినదానికి ఇన్నాళ్ళు జవాబు రాయలేదు. ముందు చేత్తో పట్టుకుని రమ్మని రాశాను, చింపేశాను. వాగులో వదిలెయ్యమని రాసి అదీ చింపాను. మేవ్ ఆ ముక్కలతో పడవలు చేసుకుంది.

వదినా, తొడుక్కునే రా.

ఇన్ని నెలలు వినకూడదు వినకూడదు అనుకున్నాను. ఇప్పుడు చర్చిలో ఎవరి అడుగు పడినా అది కాదులే అని తల ఎత్తను. దానికి అలవాటుపడుతున్నాను. అలవాటుపడటమే నాకు భయంగా ఉంది. ఆ చిన్న చప్పుడు ముందా వెనకా అని మొన్న గుర్తుచేసుకోబోతే కాసేపు గుర్తు రాలేదు. పిండి కలుపుతున్నదాన్ని చేతులు వదిలేసి కూర్చుండిపోయాను.

నువ్వు వచ్చే రోజున నేను పొయ్యికెదురుగా, తలుపుకి వీపు పెట్టి కూర్చుంటాను. సగం తలుపు తీసే ఉంటుంది. వాకిట్లో బండల మీంచి, గడప దాటి, పొయ్యి దాకా నడువు. ఏమీ మాట్లాడకు. తొందరపడకు, ఆయన నడిచినంత నిదానంగా నడువు. నేను తల తిప్పను. అది నువ్వని నాకు తెలుసు, తెలిసే కూర్చుంటాను. ఆ నాలుగడుగులూ నాకియ్యి. దగ్గరకొచ్చాక ఊనా అని పిలువు. అప్పుడు తిరుగుతాను. తిరిగేసరికి నువ్వుంటావు. అక్కడ ఎవరూ లేకపోవడం కన్నా అది ఎంతో నయం.

హడలిపోతుందేమోనని అత్తయ్యకి ముందే చెప్పి ఉంచాను. "నాకు చెప్పేదేమిటే? ఇద్దర్నీ కన్నదాన్ని. మొదటి అడుగుకే తెలుస్తుంది ఎవరో" అని కసిరింది.

మేవ్‌కి నీ పాదాల గురించి చెప్పాను, క్షమించు. చూడాలని ఎదురుచూస్తోంది.

నీళ్ళు కాచి ఉంచుతాను. మూడు మైళ్ళో ముప్పై మైళ్ళో నడిచి వస్తావు, నలుగురం ఒక్క తొట్టిలోనే కాళ్ళు కడుక్కుందాం. తరవాత ఆ నీళ్ళు నువ్వు పారబొయ్యాలి. పోసేముందు తప్పుకోమని నేను చెబుతాను. ఈ సారి ఒక్కసారే చెబుతాను.

ఊనా